డోర్నకల్ తండ్రిగారు

సీతాఫల్‌మండి నుంచి తార్నాక వైపు పోయేవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ దారిలో తగులుతుంది. అందులోని ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చూడని నగరవాసి ఉండడు. 1939వ సంవత్సరం డిసెంబరు 4వ తేదీన నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ప్రారంభించారు. హిందూ శిల్పాన్ని తలపించే స్తంభాలు, మహమ్మదీయ శిల్పానికి చెందిన కమానులు ఆ భవనంలో అన్నదమ్ములవలె ఒదిగి ఉన్నవి. దానిని చూచి మెచ్చుకొననివారు లేరు. కాని అదే నిజాం రాజ్యంలో, అదే సంవత్సరంలో, దానికి పదకొండు నెలల ముందు ఇటువంటి కలయికతోనే మరొక కట్టడం వెలసిందని ఎరిగినవారు కొద్దిమందే. అది డోర్నకల్‌లోని క్రైస్తవ మహాదేవాలయం. 1939 జనవరి 6న దానికి ప్రతిష్ఠ జరిగింది. దేవాలయ మండపాలను పోలిన స్తంభాలు, మసీదులను పోలిన గుమ్మటాలు, వాటి నడుమ సిలువ. కట్టించినవారు బిషప్పు అజరయ్యగారు.

ఆ రెండు కట్టడాలూ లేచిన కాలం శాంతికాలం కాదు. 1938లో హైదరాబాదు రాజ్యంలో సత్యాగ్రహాలు సాగినవి. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులు వందల సంఖ్యలో బహిష్కృతులై, చదువుకోసం నాగపూరు దారి పట్టారు. హిందువులకు, మహమ్మదీయులకు మధ్య అనుమానాలు ముదురుతున్నవి. 1939 సెప్టెంబరులో ఐరోపాలో రెండవ ప్రపంచయుద్ధం రగుల్కొన్నది. మనుష్యులు ఎక్కడికక్కడ జట్లుగా చీలిపోతున్న ఆ దినాలలో, కలయికను రాతితో కట్టి చూపిన మనిషి జీవితం ఎటువంటిదో తెలుసుకోవడం మనకు నేడు కూడా అవసరమే.

వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునల్వేలి మండలంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం హిందువుగా పుట్టి, క్రైస్తవమతం స్వీకరించి, ఆ పల్లెలోనే గురువుగా పనిచేసినవారు. తల్లి ఎలెన్ భక్తురాలు. చాలా ఏండ్ల నిరీక్షణ తరువాత కలిగిన కుమారుడు కనుక, బైబిలులో హన్నా ప్రార్థనకు ఫలంగా పుట్టిన బాలుని పేరే ఆయనకు పెట్టుకున్నారు.

వారిది నాడార్ కులం. తాటిచెట్లను నమ్ముకొని బ్రతికిన ఆ కులాన్ని పైకులాలవారు తక్కువగా చూచేవారు. క్రైస్తవులైన తరువాత కూడా కులపు గోడలు కూలలేదు. ఒకే దేవుని కొలిచేవారు ఒకరి ప్రక్కన ఒకరు కూర్చొనడానికి వెనుకాడడం అజరయ్యగారు బాల్యంలోనే చూచారు. అది ఆయన మనస్సులో ముల్లై నాటుకొన్నది. విద్యార్థిగా ఉన్న రోజులలోనే తోటి బాలురతో కలిసి, కులభేదం పాటించకుండా అందరూ కలిసిమెలిసి ఉండే సంఘమొకటి స్థాపించారు. ఆ ముల్లు ఆయనను కడవరకు విడువలేదు. తరువాత ఆయన చేసిన పనులన్నిటికీ మూలం అక్కడ వెదకవచ్చును.

చెన్నపట్నంలో క్రైస్తవ కళాశాలలో చదివిన పిమ్మట, 1895లో వై.ఎం.సి.ఎ. అనే యువజన క్రైస్తవ సంఘంలో కార్యదర్శిగా చేరారు. దక్షిణదేశమంతా తిరిగి యువకులను కలుసుకొనే ఉద్యోగం అది. అక్కడే అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీతో స్నేహం కుదిరింది. తెల్లవారికి, నల్లవారికి మధ్య యజమాని, సేవకుల సంబంధమే లోకరీతిగా ఉన్న కాలంలో ఆ ఇద్దరూ సమానులుగా కలిసి తిరిగి, కలిసి భుజించి, కలిసి పనిచేశారు. ఇది సాధ్యమే అన్న నమ్మకం అజరయ్యగారికి పుస్తకాలనుంచి రాలేదు, ఈ స్నేహం నుంచి వచ్చింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ దినాలలో కళాశాల విద్య అభ్యసించిన బహుకొద్దిమంది దక్షిణాది స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం ప్రసక్తి లేకుండా, ఆడంబరం లేకుండా ఆ పెండ్లి జరిగింది.

1902లో ఆయన సింహళంలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు పరదేశీయుల ధనం కోసం చేయి చాచకుండా తమ ఖర్చుతో తామే సేవాసంఘం నడుపుకొంటున్నారు. అది చూచి వచ్చిన ఆయన, మరుసటి ఏట, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. డబ్బు మనది, మనుష్యులు మనవారు, నిర్వాహం మనది అన్నవి ఆ సంఘపు సూత్రాలు. అప్పటికే తిరునల్వేలి క్రైస్తవులు సంఖ్యలోను, విద్యలోను ముందంజ వేసినవారు. తమకన్న వెనుకబడినవారిని వెదకుతూ వారు ఎన్నుకొన్నది నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను.

లాలాగూడలో కార్ఖానా పెట్టి, సికింద్రాబాదు పరిసరాలలో వేలాది కుటుంబాలకు కూడుబెట్టిన నిజాం రైల్వేయే డోర్నకల్‌కు కూడా ఊపిరి పోసింది. సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా బెజవాడకు పోయే దారిలో, సింగరేణి బొగ్గుగనులకు చీలిపోయే కూడలి అది. రైలుకూడలి అన్నమాటే కాని, చుట్టూ అడవి, మలేరియా, పేదరికం. 1909లో అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదలుకొని, గురుపట్టం పొంది, ఆ మారుమూలకు తరలివచ్చారు. ముప్పైయయిదేండ్ల వయస్సులో, అక్షరాలు దిద్దుకొనే బాలునివలె తెలుగు నేర్చుకొన్నారు. ఇతరులను పంపవలసిన సంఘానికి కార్యదర్శిగా ఉండి, తాను పోకుండా ఉండడం ఆయనకు మనసొప్పలేదు.

మరుసటి ఏడు, 1910 జూన్ నెలలో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండువందల మంది ప్రతినిధులలో ఆసియా ఖండంవారు ఇరవైమందికి మించరు. తెల్లదొరలకు, దేశీయ సేవకులకు గల సంబంధాన్ని గురించి మాట్లాడమని అజరయ్యగారిని కోరారు. పొగడ్తలు పలికి కూర్చొంటే అందరూ సంతోషించేవారు. దూషించి ఉంటే స్వదేశంలో జేజేలు కొట్టేవారూ ఉండేవారు. ఆయన ఈ రెండూ చేయలేదు. మిషనరీల త్యాగాన్ని కృతజ్ఞతతో ఒప్పుకొన్నారు. అయితే వారు దేశీయులను ఇంటికి భోజనానికి పిలవరనీ, చేయి కలపడానికి సంకోచిస్తారనీ, దయ చూపుతారు కాని చెలిమి చూపరనీ దాపరికం లేకుండా చెప్పారు. ఆయన చివరకు యాచించింది ధనం కాదు, జాలి కాదు, స్నేహం మాత్రమే. సభలో కలవరం పుట్టింది. కొందరు నొచ్చుకొన్నారు. కాని శతాబ్దం దాటిన తరువాత కూడా ఆ మహాసభను తలచుకొనేవారు మొదట చెప్పుకొనే ప్రసంగాలలో అది ఒకటిగా నిలిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. శాంతి అంటే నోరు మూసుకొనడం అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. గాయాన్ని కప్పిపుచ్చితే అది లోపల కుళ్ళుతుంది. పగతో కెలికితే పెద్దదవుతుంది. కడిగి కట్టుకట్టేవాడు నొప్పి కలిగించక తప్పదు. ఎడింబరోలో ఆయన చేసిన పని అదే.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయంలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదలతో ఇది జరిగింది గాని, దారి సులువుగా లేదు. భారతీయుని చేతిక్రింద తెల్లవారు పనిచేయడమా అని కొందరు ఆంగ్లేయులు అడ్డుపడ్డారు. ఆయన పుట్టిన కులం తక్కువదని కొందరు దేశీయ క్రైస్తవులే సణిగారు. ఇరుప్రక్కల నుంచి వచ్చిన ఈ అవమానానికి ఆయన ప్రత్యుత్తరం డోర్నకల్‌కు తిరిగిపోయి పనిలోకి దిగడమే. ఆయన మరణించేవరకు ఆంగ్లికన్ సంఘంలో ఒక మేత్రాసనానికి అధిపతియైన భారతీయుడు మరొకడు లేడు.

ఆ పని ఎటువంటిదో తెలియాలంటే ఆనాటి తెలుగుపల్లెను తలచుకోవాలి. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరి బావి వారికి లేదు, ఊరి గుడి వారికి లేదు, ఊరి బడి వారికి లేదు. పైగా మాలపల్లెకు, మాదిగపల్లెకు మధ్య కూడా పొత్తు లేదు. ఒకరి ఇంట ఒకరు నీళ్ళు ముట్టరు. అజరయ్యగారు ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. పగలంతా దొరల పొలాలలో చాకిరీ చేసినవారికి రాత్రే తీరిక కనుక, కూటాలు దీపాల వెలుతురులో జరిగేవి. ఎక్కడికి పోయినా ఆయన విధించిన షరతు ఒక్కటే: దేవుని సన్నిధిలో అందరూ ఒకే చాపమీద కూర్చొనాలి, ఒకే పాత్రలోనిది త్రాగాలి. రెండు పల్లెలవారు ఒక గిన్నెకు నోరు ఆనించిన నాడు ఆ ఊరిలో జరిగిన మార్పు, ఎన్ని ఉపన్యాసాలకూ సాధ్యమయ్యేది కాదు.

ఆయన మెత్తనివారు కారు. త్రాగుడు విషయంలో, బాల్యవివాహాల విషయంలో, సంఘపు క్రమశిక్షణ విషయంలో కఠినుడనే పేరు ఉండేది. తన మాట నెగ్గించుకొంటారని నొచ్చుకొన్నవారూ లేకపోలేదు. కాని అదే మనిషి తెలుగు జానపదుల పాటను, భజనను, కోలాటాన్ని దేవాలయంలోకి ఆహ్వానించారు. సువార్త విదేశపు దుస్తులు విడిచి పల్లెవాని పంచె కట్టుకోవాలన్నది ఆయన ఆశయం. బోధకులకు, ఉపాధ్యాయులకు డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకు కూడా చదువు చెప్పే భారం అన్బు అమ్మగారు వహించారు. 1912లో ఆయన చేతికి వచ్చిన మేత్రాసనంలో ఆంగ్లికన్ క్రైస్తవులు అరలక్షకు కొంచెం ఎక్కువ. మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఆ సంఖ్య రెండు లక్షలు దాటింది. పల్లెలలో ఆయనను తండ్రిగారు అని పిలిచేవారు. బిషప్పు అనే మాటకన్న ఆ పిలుపు ఆయనకు ఎక్కువ నప్పింది.

ఇంత జనం వెంట ఉన్న మనిషికి రాజకీయపు పరీక్ష రాకుండా ఉంటుందా? 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని రామ్సే మాక్డొనాల్డు కమ్యూనల్ అవార్డు ప్రకటించారు. మహమ్మదీయులకు, సిక్కులకు వలెనే భారతీయ క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు అందులో ఉన్నవి. క్రైస్తవుల ఓట్లు క్రైస్తవులకే, వారి స్థానాలు వారికే. అడగకుండానే వచ్చిపడిన ఈ లాభాన్ని చాలామంది సంతోషంతో అందుకొన్నారు. అజరయ్యగారు దానిని బహిరంగంగా వ్యతిరేకించారు. ఓట్ల కోసం గిరిగీసుకొన్న నాడు క్రైస్తవసంఘం ఒక కులంగా, ఒక కక్షగా దిగజారుతుందన్నది ఆయన భయం. ఇరుగుపొరుగు హిందువును, మహమ్మదీయుని పోటీదారుగా చూడడం అలవాటైనవాడు అతనిని ప్రేమించడం ఎట్లా? మతం మనిషిని పొరుగువానికి దగ్గర చేయాలి కాని, వానినుంచి వేరుచేసి లెక్కపెట్టరాదు.

ఈ వైఖరికి మూల్యం లేకపోలేదు. ఏమీలేని పేదలకు కలిగిన కాస్త బలాన్ని వదలుకొమ్మనడం న్యాయమా అని ఆనాడే అడగవచ్చును, ఈనాడూ అడగవచ్చును. అది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కాని ఆయన తన లాభాన్ని తానే కాదన్నారు, ఇతరుల లాభాన్ని కాదు. వేరుపడి పొందిన బలం వేరుపాటునే పెంచుతుందన్న ఆయన హెచ్చరిక ఎంత నిజమో 1947లో దేశం చీలినప్పుడు అందరికీ తెలిసివచ్చింది. 1949లో రాజ్యాంగసభ మతాన్నిబట్టి స్థానాలు కేటాయించే పద్ధతిని విడిచిపెట్టినప్పుడు, దానిని సమర్థించినవారిలో సభ ఉపాధ్యక్షుడైన బెంగాలీ క్రైస్తవుడు హెచ్. సి. ముఖర్జీ ఒకరు. పదిహేడేండ్లక్రితం డోర్నకల్ బిషప్పు నిలిచిన చోటునే అప్పుడు భారతీయ క్రైస్తవ నాయకులు పలువురు నిలిచారు.

గాంధీమహాత్మునితో ఆయనకు గల భేదం మరొక విధమైనది. 1935లో అంబేడ్కరుగారు తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తరువాత, హరిజనుల మతమార్పిడిని గురించి దేశంలో పెద్ద వివాదం చెలరేగింది. సామూహికంగా మతం మార్చడం తప్పని గాంధీజీ హరిజన్ పత్రికలో వ్రాశారు. అజరయ్యగారు ఈ విషయంలో ఒక్క అడుగు వెనుకకు వేయలేదు. నిరుపేదకు కూడా తన దేవుని తాను ఎన్నుకొనే హక్కు ఉన్నదనీ, తన పల్లెలలో వచ్చిన మార్పు అన్నవస్త్రాల ఆశకు పుట్టినది కాదనీ వాదించారు. ఇద్దరూ ఖద్దరును, మద్యనిషేధాన్ని, అస్పృశ్యతా నివారణను కోరినవారే. ఇద్దరూ ఒకరి మార్గాన్ని ఒకరు ఒప్పుకోలేకపోయారు. భేదాన్ని దాచని నిజాయితీ, భేదం ఉన్నా దేశాన్ని తనదిగా భావించే ప్రేమ, రెండూ ఒకే గుండెలో ఇమడగలవని ఆయన జీవితం చెబుతున్నది.

అంబేడ్కరుగారిని గురించి ఆయన జీవితచరిత్రకారులు ఒక సంగతి వ్రాశారు. క్రైస్తవులలో చేరితే తన ప్రజలందరూ దేశమంతటా ఒకే సంఘంగా ఉండగలరా, లేక ఆంగ్లికనులనీ, మెథడిస్టులనీ, బాప్తిస్టులనీ చీలిపోవలసి వస్తుందా అని అంబేడ్కరుగారు ఆయనను ప్రశ్నించారట. అజరయ్యగారి వద్ద జవాబు లేకపోయింది. తన జీవితంలో అంతగా సిగ్గుపడినది మరెన్నడూ లేదని తరువాత ఆయన చెప్పుకొన్నారట.

ఆ సిగ్గు ఆయనకు కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొద్ది మాసాలకే, 1919 మే నెలలో, తరంగంబాడిలో ముప్పైముగ్గురు క్రైస్తవ సేవకులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్యగారు, దక్షిణభారత ఐక్యసంఘానికి చెందిన సంతియాగో గారు దానికి ముఖ్యులు. క్రైస్తవ రాజ్యాలనబడేవి నాలుగేండ్లపాటు ఒకరినొకరు సంహరించుకొనడం లోకమంతా చూచింది. ఆ రాజ్యాల చరిత్రలో పుట్టిన పాత తగవులను, వాటితో సంబంధంలేని తెలుగు, తమిళ పల్లెలు ఎందుకు మోయాలి? ఇంగ్లండులో ఏ రాజు కాలంలోనో విడిపోయినందుకు, ఇక్కడ ఒకే వీధిలోని క్రైస్తవులు రెండు దేవాలయాలకు పోవాలా? తన శిష్యులందరూ ఏకమై ఉండాలని క్రీస్తు ప్రార్థించినప్పుడు, విడిపోయి ఉండడమే పాపమని వారు నిశ్చయించారు.

మాట అనుకొన్నంత తేలిక కాదు పని. ఆంగ్లికనులకు బిషప్పులు ఉన్నారు, తరతరాలుగా వస్తున్న అభిషేక పరంపర ఉన్నది. ఐక్యసంఘంవారికి బిషప్పులే లేరు. సభ్యులే సంఘానికి పెద్దలు. బిషప్పు చేతులు పడని గురువు గురువేనా అని ఒకరు, మా గురువులను తిరిగి అభిషేకిస్తే ఇంతవరకు వారు చేసినదంతా వ్యర్థమనా అని మరొకరు. 1920లో ఆరంభమైన చర్చలు ఇరవైయేడేండ్లు సాగినవి. బిషప్పుల పద్ధతిని అందరూ అంగీకరించాలనీ, అయితే అప్పటివరకు ఉన్న గురువులను తిరిగి అభిషేకించకుండానే స్వీకరించాలనీ, ముప్పైయేండ్ల గడువులో రెండు ధారలూ ఒకటి కావాలనీ చివరకు ఒప్పందం కుదిరింది. ఎన్నోసార్లు ఆశ సన్నగిల్లింది. అజరయ్యగారు మాత్రం బల్లవద్దనుంచి లేచిపోలేదు. పోట్లాటకు ఒక్క దినం చాలును, సంధికి ఒక తరం పడుతుందని ఆయన ఎరుగుదురు.

ఈ ప్రయాస నడుమనే డోర్నకల్ దేవాలయం కొంచెం కొంచెంగా లేచింది. ధనం చాలక ఆగుతూ, మళ్ళీ సాగుతూ పూర్తికావడానికి అనేక సంవత్సరాలు పట్టింది. సీమ దేవాలయాల నమూనా తెప్పించి కట్టించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని హిందువు ఆ స్తంభాలను చూచి పరాయిచోటనుకోరాదు, మహమ్మదీయుడు ఆ గుమ్మటాలను చూచి పరాయిచోటనుకోరాదు. సంఘాల మధ్య తాను కోరిన పొత్తును ఆయన మతాల మధ్య శిల్పంలోనైనా చూపదలచారు.

1944 చివరవరకు ఆయన పల్లెలలో తిరుగుతూనే ఉన్నారు. కొద్ది దినాల జ్వరంతో 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. డెబ్బదియేండ్లు. దేవాలయపు నీడలోనే ఆయనను సమాధి చేశారు. ఆయన కలలుగన్న ఐక్యత ఆయన కన్నులతో చూచినది కాదు.

మూడేండ్లు నిండకుండానే, 1947 సెప్టెంబరు 27న, చెన్నపట్నంలోని సెయింట్ జార్జి దేవాలయంలో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ఐక్యసంఘంవారు కలిసి పదిలక్షల మంది ఒక్కటైనారు. ఆ తేదీని మరువరాదు. అప్పుడు పంజాబులో రైళ్ళనిండా శవాలు వస్తున్నవి. హైదరాబాదు రాజ్యంలో రజాకార్ల ఆగడాలు పెరుగుతున్నవి, తెలంగాణా పల్లెలలో సాయుధపోరాటం సాగుతున్నది. దేశం ముక్కలవుతున్న అదే మాసంలో కొందరు మనుష్యులు కలిసిపోవడానికి నిశ్చయించుకొన్నారు. అందరూ రాలేదు. బాప్తిస్టులు, లూథరనులు వెలుపలనే ఉండిపోయారు. అజరయ్యగారి ఏలుబడిలోనివే అయిన నంద్యాల ప్రాంతపు సంఘాలు కూడా అప్పుడు విడిగా నిలిచి, 1975లోగాని వచ్చి చేరలేదు. శాంతి ఒక్కనాటి పంట కాదనడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

నేడు సికింద్రాబాదు పరిసరాలలో ఏ ఆదివారమైనా దక్షిణ ఇండియా సంఘపు దేవాలయంలో అడుగుపెడితే, మెదకు మెథడిస్టుల మనుమడు, డోర్నకల్ ఆంగ్లికనుల మనుమరాలు, కడప లండను మిషనువారి మనుమడు ఒకే బల్లమీద కూర్చొని కనబడవచ్చును. ఎవరి తాత ఏ సంఘంవాడో వారిలో చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఒకప్పుడు ఆ భేదాలకోసం పండితులు ఇరవైయేడేండ్లు వాదులాడుకొన్నారన్నా వారు నమ్మలేరు. అజరయ్యగారికి ఇంతకన్న మంచి స్మారకచిహ్నం ఉండబోదు. గొప్ప సంధి ఏదంటే, దాని వెనుక ఒక తగవు ఉండేదన్న సంగతిని కూడా జనం మరచిపోయేది.

కష్టకాలంలో శాంతిని ఎన్నుకొనడమంటే అన్నిటికీ తల ఊపడం కాదు, అందరినీ మెప్పించడం కాదు. చెప్పవలసిన మాట చెప్పి, చేతికి వచ్చిన లాభమైనా సరే పొరుగువానిని దూరం చేసేదైతే వదలుకొని, సంధి కుదిరేవరకు బల్లవద్ద కూర్చొని ఉండడం. తిరునల్వేలి పల్లెలో పుట్టి, తెలుగు నేర్చి, తెలుగు మట్టిలో కలిసిపోయిన తండ్రిగారు ముప్పైయయిదేండ్లు చేసిన పని ఇదే.